కాదు షాపు పెదనాయన

నెల రోజులుగా నా సైకిల్ హ్యాండిల్ దగ్గర కిర్రుమంటోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ, చదునుగా ఉన్నచోట తక్కువ. మొదట నా మోకాలేమో అనుకున్నాను. నలభై ఏడేళ్ళు వచ్చాక ఏ శబ్దం సైకిల్‌దో ఏది మనదో తేల్చుకోవడం అంత తేలిక కాదు. దిగి, తోసుకుంటూ నడిచి, అటూ ఇటూ ఊపి చూశాక అర్థమైంది, శబ్దం కొమ్ముల దగ్గర నుంచి వస్తోంది.

కొమ్ములంటే అవి అసలు కొమ్ములు కావు. హ్యాండిల్ మీద బిగించుకునే రెండు పొడుగాటి గొట్టాలు. ముందుకు చాచుకుని ఉంటాయి. వాటి వెనక మోచేతులు ఆన్చుకోవడానికి రెండు మెత్తటి దిండ్లు. అరచేతుల మీద బరువు పడకుండా, ఒంటి బరువంతా ముంజేతుల మీద వేసుకుని తొక్కవచ్చు. సైకిల్ పందేల వాళ్ళు గాలి తగలకుండా వంగడానికి పెట్టుకుంటారట. నాకు గాలితో గొడవ లేదు. నాకు గొడవ నా ఎడమ చెయ్యితో. వీధిలో పిల్లలు మాత్రం "టీచరమ్మ సైకిల్‌కు కొమ్ములు మొలిచినాయి" అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

ఆ కొమ్ములకూ హ్యాండిల్‌కూ మధ్య ఒక తొడుగు ఉంటుంది. శబ్దం రాకుండా ఉండాలంటే దాన్ని మార్చాలని ఫోనులో ఒక వీడియో కుర్రాడు చెప్పాడు. తెప్పించాను. నల్లగా, నున్నగా, అచ్చులో పోసిన తొడుగులు రెండు, అట్టపెట్టెలో వచ్చాయి. వచ్చి మూడు రోజులైంది. పాతవి విప్పడానికి చెయ్యి రాలేదు. వాటిని చేసి బిగించినాయన పోయిన వేసవిలో చనిపోయాడు. నేను విప్పితే ఆయన చేతి బిగింపు పోతుంది కదా అనే పిచ్చి ఆలోచన ఒకటి పట్టుకుంది నన్ను.

మార్కాపురంలో పాత బస్టాండు వెనక సందులో ఉండేది ఆయన దుకాణం. బోర్డు లేదు. ఉన్నా ఎవరూ చదివేవాళ్ళు కారు, ఎందుకంటే ఊరు ఊరంతా దాన్ని "కాదు షాపు" అనేది. కురిచేడులో రైలెక్కి వచ్చినవాడు కూడా స్టేషన్ బయట ఆటోవాణ్ణి "కాదు షాపు యాడ?" అని అడిగితే చాలు. ఎవరు ఏ వస్తువు తెచ్చి ఇచ్చినా, దాన్ని చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి, ఆయన మొదట అనే మాట "కాదు". ఇది దానికి కాదు. ఈ బోల్టు ఆ మరకు కాదు. ఈ గొట్టం ఆ మెడకు కాదు. ఆ మాటలో కోపం ఉండేది కాదు. పక్కింటివాళ్ళ పిల్లను వాళ్ళింట్లో అప్పగించే మనిషిలా నిదానంగా చెప్పేవాడు.

సన్నటి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మేకు. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మేకుతో నేల మీద గీతలు గీసేవాడు, మాట అయిపోగానే కాలితో చెరిపేసేవాడు. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. నేను ఆయన్ను పెదనాయనా అనేదాన్ని. ఈ ఊరికి నేను ఒంటరిగా వచ్చాను, ఉద్యోగం మీద. నా పెళ్ళి రెండేళ్ళకే తెగిపోయింది, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు, నాకు కూడా. అద్దె గది, కురిచేడు వైపు ఒక ఊళ్ళో బడి, పొద్దున్నే సైకిల్. వరస పెట్టి పిలవడానికి ఈ ఊళ్ళో నాకు దొరికిన మొదటి మనిషి ఆయనే.

ఆయన దగ్గర ఒక పలక ఉండేది. రాసుకునే పలకే, కానీ చెక్క ఫ్రేము లేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడట. పలకల పని తగ్గిపోయి సైకిళ్ళలోకి వచ్చేటప్పుడు అక్కడి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. దాని నిండా వరసగా గుండ్రటి బెజ్జాలు తొలిచి ఉండేవి, స్పోకు పట్టేంత సన్నదాని నుంచి రెండు వేళ్ళు పట్టేంత లావుదాని దాకా. ఒక్కో బెజ్జం పక్కన మేకుతో గీసిన గుర్తు ఒకటి. అంకెలు కాదు. ఒకచోట చేప, ఒకచోట నిచ్చెన, ఒకచోట మూడు చుక్కలు. గొట్టం ఏదైనా తెస్తే దాన్ని ఆ బెజ్జాల్లో దూర్చి చూసేవాడు. దూరకపోయినా కాదు, వదులుగా దూరినా కాదు. గాలి కూడా పట్టకుండా, అలాగని తోయకుండా దూరాలి.

"కొట్టగూడదు, కొయ్యగూడదు, సాగదియ్యగూడదు" అనేవాడు. "సరిపోయేది వచ్చేదాక కూచోవాల."

"రాకపోతే?" అన్నాను ఒకసారి.

"కూచోవాల."

ఇలాంటి మనిషి దగ్గరకు బేరాలు ఎన్ని వస్తాయో చెప్పక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద షాపుల్లో సుత్తి ఉంది, ఆకురాయి ఉంది, దేన్నయినా దేనికైనా పట్టిస్తారు. ఈయన దగ్గరకు వచ్చేవాళ్ళు, అక్కడ పట్టించుకుని, రెండు రోజుల్లో ఊడిపోయి, తోసుకుంటూ వచ్చినవాళ్ళు.

ఒకరోజు నేను అక్కడ ఉండగానే హనుమంతునిపాడు వైపు నుంచి మేకలు కాసుకునే ఒకాయన అట్లాగే తోసుకుంటూ వచ్చాడు. ఎడమ పెడలు మర అంతా అరిగి ఊగుతోంది. ఎడమ పెడలుకు మర ఎదురు తిరుగుతుంది, అది తెలియక ఎవరో కుడిదాన్ని తెచ్చి ఎడమవైపు బలవంతాన ఎక్కించారు. పెదనాయన దాన్ని వేలితో ఊపి చూశాడు.

"ఎవరు చేసినారయ్యా ఇది?"

"ఏమో మామా. ఎక్కింది గదా అన్నారు."

"ఎక్కింది గాదు, ఎక్కించినారు. ఇంక దీంట్లో ఏదీ నిలబడదు."

"ఇప్పుడెట్ల మామా? మేకల్ని వాగుకాడ ఇడిసిపెట్టి వచ్చినా."

పెదనాయన మేకుతో నేల మీద రెండు గీతలు గీశాడు, చెరిపేశాడు. లేచి, గోడకు ఆన్చిన తన సైకిల్ దగ్గరకు పోయి, దాని ఎడమవైపు పెడలూ, పెడలును పట్టుకునే ఇనప చెయ్యీ రెండూ విప్పి, మేకలాయన సైకిల్‌కు బిగించి పంపించాడు. ఆ తర్వాత ఆయన సైకిల్ ఎప్పుడూ ఒంటి పెడలుతోనే ఆ గోడకు ఆనుకుని ఉండేది. మీరెట్లా పోతారు అంటే "నేను యాడికి పోవాలమ్మా?" అన్నాడు.

ఇంక నా సంగతి. ఎడమ చేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట సైకిల్ మీద ఉన్నప్పుడే ఉండేది, తర్వాత సుద్దముక్క పట్టుకున్నా ఉండేది. ఒంగోలు పోయి డాక్టరుకు చూపిస్తే, అరచేతి మీద బరువు పడి నరం నలుగుతోంది, సైకిల్ మానేయండి అన్నాడు. మానేస్తే ఏం చెయ్యమంటారు అని అడగబోయి ఊరుకున్నాను. ఆయనకు అది పెద్ద ప్రశ్న కాదు. వాకింగ్ చేయండి అంటాడు. పొద్దున్నే తర్లుపాడు రోడ్డెక్కి, పలకల ఫ్యాక్టరీలు పారబోసిన చిల్లు కుప్పలు దాటి, ఎండ రాకముందే ఇంటికి తిరిగొచ్చే ఆ గంటన్నర ఒక్కటే రోజు మొత్తంలో నాకు నేను బరువనిపించని సమయం. మిగతా రోజంతా దాన్ని తలుచుకునే నడిపేదాన్ని. అదీ పోతే ఆ గదిలో నేనూ, ఫ్యానూ మిగులుతాము.

అందుకని తెప్పించాను ఆ కొమ్ముల్ని, అరచేతుల బదులు ముంజేతులు ఆన్చవచ్చని చదివి. పెట్టె పట్టుకుని సంబరంగా కాదు షాపుకు పోయాను.

ఆయన కొమ్ముల పట్టును చూశాడు. నా హ్యాండిల్‌ను చూశాడు. పలక అవసరం కూడా పడలేదు.

"కాదు."

"ఏం కాదు?"

"దీనిది లావు నోరుమ్మా. నీ హ్యాండిల్‌ది సన్న గొట్టం. కావలిస్తే చూడు, మధ్యలో నా వేలు పడతాది."

"అయితే లావు హ్యాండిల్ వెయ్యండి."

"లావు హ్యాండిల్ వేస్తే, దాన్ని పట్టుకునే మెడ మార్చాల."

"మార్చండి."

"మెడ మారిస్తే, కింద ఫోర్కు గొట్టం దానికి కాదు."

"ఫోర్కు?"

"ఫోర్కు మారిస్తే నీ ఫ్రేముకు కాదు." కాస్త ఆగి, "ఫ్రేము మారిస్తే బెల్లు ఉంచుకోవచ్చు" అన్నాడు. భుజాలు కదిలాయి.

నాకు ఒళ్ళు మండింది. "ఎవడు పెట్టాడు పెదనాయనా ఇన్ని కొలతలు? ఒక్క సైకిల్‌కు ఒక్క కొలత పెట్టుకుని చావచ్చు కదా!"

"ఒకడు పెట్టలేదుమ్మా. ఎవడికి వాడు పెట్టుకున్నాడు. రెండూ మంచియ్యే. ఒకదానికొకటి కావు, అంతే."

ఆ మాట నాకు తెగ నచ్చింది. టీచర్ని కదా, దేనికైనా నీతి తగిలించకపోతే నిద్ర పట్టదు. "మనుషులూ అంతే కదా పెదనాయనా" అన్నాను, గొంతు బరువు చేసుకుని.

ఆయన తలెత్తి చూశాడు. "నేను సైకిల్ గురించి చెప్తున్నా టీచరమ్మా."

ఆ రోజే నేను మంచినీళ్ళు అడిగితే, దుకాణం వెనక పరదా కదిలి ఆయన భార్య బయటికొచ్చింది. వెనక ఉన్న ఒక్క గదే వాళ్ళ ఇల్లు. వాళ్ళిద్దరే. ఏడాది కింద ఆమె జారిపడి తుంటి విరిగింది. అల్యూమినియం గొట్టాల వాకర్ పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చింది. చెంబు నా చేతికివ్వడం కుదరక, "లోపల బిందె కాడికి పోయి తాగు మే" అని, తాను అక్కడే నిలబడి మాటలు పెట్టుకుంది. ఆయన ఎంత తక్కువో ఆమె అంత ఎక్కువ.

"కాదన్నాడా? ఈయన కాదనేదానికే పుట్టినాడు. నన్ను చూసేదానికొచ్చినప్పుడు, మా నాయన 'పిల్ల నచ్చిందా అబ్బీ' అని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'ఈ కుర్చీ కాలు ఒకటి పొట్టి' అన్నాడు. మా నాయన మొగం చూడాల!"

"పొట్టే గదా" అన్నాడు ఆయన, చక్రం తిప్పుకుంటూ.

"పొట్టే. పెండ్లయినాక వచ్చి, కింద చెక్క పెట్టి సరిచేసి పోయినాడు మే." అని వాకర్ కాలు చూపించింది. "ఇది ఒంగోలులో కొన్నాము. చూడు, ఎత్తు పెంచుకోను తగ్గించుకోను బెజ్జాలుంటాయి గదా. ఈ బెజ్జంలో పెడితే నాకు పొడుగు, చేతులు లేస్తాయి. కింద బెజ్జంలో పెడితే పొట్టి, నడుం వంగుతాది. ఈయన మూడు దినాలు నేను నడిచేది చూసినాడు. చూసి చూసి, రెండిటి నడిమధ్యన ఇంకో బెజ్జం కొట్టినాడు. నాలుగు కాళ్ళకూ."

నేను వంగి చూశాను. అంగుళానికొకటిగా కంపెనీ బెజ్జాలు, వాటి మధ్యలో ఒకటి ఎక్కువ. అంచు గుచ్చుకోకుండా గుండ్రంగా ఆకురాయి పట్టి ఉంది.

నాకు మంచి అవకాశం దొరికింది. "కొట్టగూడదు, కొయ్యగూడదు అంటారు గదా పెదనాయనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది సైకిల్ కాదు" అన్నాడు.

పెద్దమ్మ నవ్విన నవ్వుకు వాకర్ గడగడలాడింది. ఆమెను నిలబడి ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత నెలా నెలన్నర నేను ఆయన ప్రాణం తీశాను. బడి నుంచి వచ్చేటప్పుడు ఆగి "దొరికిందా?" అనేదాన్ని. మధ్య ఖాళీ పూడ్చే తొడుగు కావాలి, లోపల నా సన్న హ్యాండిల్ పట్టాలి, బయట ఆ లావు నోరు పట్టాలి. ఆయన ఒంగోలుకు చెప్పి పంపాడు, గిద్దలూరులో ఎవరినో అడిగించాడు. తెచ్చినవన్నీ పలకలో పెట్టి చూసి పక్కన పడేశాడు. ఇప్పుడైతే ఫోను నొక్కితే వచ్చి పడుతున్నాయి. అప్పుడు అలాంటి వస్తువు విడిగా అమ్ముతారని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

"పెద్దమ్మ ఎట్లుంది?" అని కూడా అడిగేదాన్ని, మర్యాదకు.

"ఉంది" అనేవాడు.

ఆ "ఉంది"లో ఏముందో నేను ఆగి వినలేదు. నా వేళ్ళ తిమ్మిరి నాకు లోకమైపోయింది. ఒకరోజు ఓపిక నశించి, "మీ దగ్గర ఏదీ కాదు పెదనాయనా! సుత్తి ఉన్న షాపుకే పోతా" అని పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను. ఆయన ఆపలేదు. మేకుతో నేల మీద ఏదో గీస్తూ ఉండిపోయాడు.

సుత్తి షాపువాడు పది నిమిషాల్లో పని పూర్తి చేశాడు. పాత సైకిల్ ట్యూబు కోసి, ఆ రబ్బరు ముక్కను హ్యాండిల్‌కు చుట్టి, దాని మీద కొమ్ములు బిగించాడు. ఈ వైపు దేనికైనా అదే మందు. నీళ్ళ పైపు కారినా ట్యూబు ముక్కే, పార పిడి ఊడినా ట్యూబు ముక్కే. నేనూ బ్రహ్మాండం అనుకున్నాను. మర్నాడు తర్లుపాడు రోడ్డు మీద పల్లంలో వంగి రెండు మోచేతులూ ఆన్చాను. రబ్బరు చుట్టు తిరిగిపోయింది. కొమ్ములు కిందికి వాలాయి, వాటితో పాటు నేనూ. మోచెయ్యి చర్మం లేచిపోయింది, గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. ఎవరూ చూడలేదు. ఆ రోడ్డు పక్కన కూర్చుని, నా చెయ్యి నేనే ఊదుకుంటూ, ఫోను చేసి చెప్పడానికి ఒక పేరు కూడా తట్టక, అలాగే సైకిల్ తోసుకుంటూ వచ్చాను.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని బయటపడగానే నా కాళ్ళు నేరుగా కాదు షాపుకే పోయాయి.

ఆయన గడ్డం కింది పట్టీని చూశాడు. చెప్పినా కదా అనలేదు. ఒంగి హ్యాండిల్‌కు చుట్టిన రబ్బరును మేకుతో మెల్లగా ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, పక్కన పెట్టాడు.

"చెయ్యి మడుస్తాదా?"

"మడుస్తుంది."

"ఇంక మానుకోరాదా అమ్మా, డాక్టరు చెప్పినాడు గదా?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పడ్డప్పుడు రాని ఏడుపు. "ఈ సైకిల్ లేకపోతే ఈ ఊళ్ళో నాకేముంది పెదనాయనా?" అన్నాను. అనుకుని అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

ఆయన మేకు తీశాడు. నేల మీద గీతలు గీశాడు. ఈసారి చెరపలేదు. "ఆదివారం రా" అన్నాడు.

ఆదివారం పొద్దున పోయేసరికి పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. పెద్దమ్మ ఎట్లుంది అంటే మామూలుగానే "ఉంది" అన్నాడు. "కూచో, కొలత చూసి తెస్తా" అని నా హ్యాండిల్ చుట్టూ దారం చుట్టి, ముడేసుకుని, పరదా తీసుకుని లోపలికి, లోపలి నుంచి పెరట్లోకి పోయాడు. కాసేపటికి రంపంతో కోస్తున్న చప్పుడు. నేను ముందు బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. ఆయన దుకాణంలో రంపం చప్పుడు వినడం అదే మొదటిసారి అని కూడా నాకు తట్టలేదు.

లోపలి మంచం మీద నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. సన్నగా, అరిగిపోయినట్టు ఉంది.

"ఏందయ్యా ఆ కోత?"

రంపం ఆగింది. "సైకిల్దిలే. పండుకో."

రంపం మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆమే, "ఆ టీచరమ్మదేనా?"

"ఊ."

"గట్టిగ బిగించు. మళ్ళ పడతాది."

నేను నవ్వుకున్నాను. నా గురించి లోపల మాట్లాడుకుంటున్నారని కాస్త సంబరపడ్డాను కూడా. "పడను లే పెద్దమ్మా!" అని ఇక్కడి నుంచే అరిచాను. లేచి లోపలికి పోయి ఒకసారి పలకరించి రావచ్చు. నాలుగడుగుల దూరం. పోలేదు.

ఆయన గుడ్డలో చుట్టి తెచ్చాడు. అప్పటికే పైన పల్చటి రేకు చుట్టి, రెండు తొడుగులు సిద్ధం చేసి ఉన్నాడు. ఒక్కోదాన్ని పలకలో నిచ్చెన గుర్తున్న బెజ్జంలో పెట్టాడు. అది జారలేదు, ఆగలేదు, మెల్లగా దిగింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, నా వైపు చూడకుండా అన్నాడు, "సరిపోయింది."

ఎన్నాళ్ళుగానో పోతున్నా ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఎగిరి గంతేసినంత పని చేశాను. "ఎక్కడ దొరికింది పెదనాయనా?"

"ఇంట్లోనే ఉండె."

"ఇంట్లో పెట్టుకుని నన్ను ఇన్నాళ్ళు తిప్పారా!"

"అప్పుడు లేదుమ్మా" అన్నాడు. నేను ఆ మాటను కూడా పట్టించుకోలేదు.

బిగించాడు. ఒక్కో బోల్టునూ కొంచెం కొంచెంగా, ఇటొకటి అటొకటి. ఆఖరికి తన రెండు చేతులూ దిండ్ల మీద వేసి, ఒళ్ళంతా దాని మీద వాల్చి చూశాడు. సన్నటి మనిషి, ఎంత బరువుంటాడు! అయినా అట్లా కాసేపు వాలి ఉండిపోయాడు. లేచి, "సందు చివరిదాక పోయి రా" అన్నాడు. నేను మోచేతులు ఆన్చుకుని, అరచేతులు గాల్లో పెట్టుకుని, చిన్నపిల్లలా పోయి తిరిగి వచ్చాను. మలుపులోంచి చూస్తే ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. నన్ను చూస్తున్నాడనుకున్నాను. ఆయన ముఖం పరదా వైపు ఉంది.

"ఏడాదికొకసారి తీసుకరా. విప్పి గ్రీజు పెట్టాల. లేకుంటే కిర్రుమంటాది" అన్నాడు నేను వచ్చేటప్పుడు.

తీసుకుపోలేదు. తిమ్మిరి తగ్గింది. నేను కంభం దాకా పోయాను, ఒకసారి ఏకంగా గిద్దలూరు దాకా పోయి బస్సు మీద సైకిల్ వేసుకుని వచ్చాను. అవసరం తీరిన మనిషికి ఆ సందు గుర్తు రావడం తగ్గుతుంది, నాకూ తగ్గింది. పెద్దమ్మ పోయిందని రెండు నెలల తర్వాత ఎవరో అంటే పోయి కూర్చుని వచ్చాను. గదిలో మంచం నిలబెట్టి ఉంది. ఆయన నా సైకిల్ వైపు చూసి "కిర్రుమంటాదా?" అన్నాడు. "లేదు పెదనాయనా, రాయిలా ఉంది" అన్నాను. "ఊ" అన్నాడు. ఏడాదికొకసారి తీసుకురమ్మనడం గ్రీజు కోసమే అనుకున్నాను నేను. అక్కడ ఆయన ఒక్కడే, ఒంటి పెడలు సైకిల్‌తో, వచ్చేవాళ్ళెవరూ లేకుండా కూర్చుని ఉన్నాడని కళ్ళారా చూసి కూడా లేచి వచ్చాను.

పోయిన వేసవిలో నేను పేపర్లు దిద్దే పని మీద ఒంగోలులో ఉండగా ఆయన చనిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ షాపు షట్టరు మీద ఎవరో ఫోను కవర్ల బొమ్మలు వేయించారు. పక్క టీ కొట్టామెను పలక గురించి అడిగాను. "ఏమో టీచరమ్మా, పలకముక్కలన్నీ ఎత్తి బయట పోసినారు" అంది. రెండు రోజులు ఆ చుట్టుపక్కల కుప్పల్లో చూశాను. పోయి పోయి పలకల ఊరు మార్కాపురంలో ఒక పలకముక్కను వెతకడం ఎట్లా ఉంటుందో ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఈ పొద్దున నేల మీద పేపరు పరిచి, ఎట్టకేలకు బోల్టులు విప్పాను. ఎడమవైపుది ముందు. కొమ్ము పక్కన పెట్టి, పైన చుట్టిన పల్చటి రేకును ఊడదీశాను. దాని కింద అల్యూమినియం గొట్టం, పొడుగునా చీల్చి, తెరిచి, హ్యాండిల్‌కు తొడిగింది. దాని కింద అలాంటిదే ఇంకొకటి. ఒకదాని మీద ఒకటి రెండు పొరలు. గ్రీజు ఎండి, బూడిద రంగు పొడి రాలుతోంది. అందుకే ఆ శబ్దం. గుడ్డతో తుడిచాను.

పై పొర మీద రెండు గుండ్రటి బెజ్జాలు ఉన్నాయి, అంగుళం దూరంలో. ఆ రెండిటి నడిమధ్యన ఇంకొకటి. అంచు గుచ్చుకోకుండా గుండ్రంగా ఆకురాయి పట్టి ఉంది.

కొట్టగూడదు, కొయ్యగూడదు అనే మనిషి. ఆమె ఇంక లేచి నడవదని ఆయన ఒప్పుకున్న రోజు ఆ ఆదివారం. ఆ రోజు నేను ముందు గదిలో ఫోను చూసుకుంటున్నాను. ఇంట్లో పెట్టుకుని నన్ను తిప్పారా అన్నాను. ఏడాదికొకసారి తీసుకుపోయి ఉంటే, ఎప్పుడో ఒకసారి ఆయన నా ముందే దాన్ని విప్పేవాడు, ఎప్పుడో ఒకసారి నేను చూసేదాన్ని, ఆయన ఒక్కడే మోయాల్సి వచ్చేది కాదు.

మంచం మీద ఉన్న ఆమెకు ఆ కోత ఏమిటో తెలుసా, తెలియదా? ఆ వాకర్ గొట్టాలను ఏడాది పొడుగునా చేతుల్లో పట్టుకుని, వాటి చప్పుడు వింటూ నడిచిన మనిషి. ఆమెకు తెలుసనే నాకు అనిపిస్తుంది.

పెట్టెలో వచ్చిన నల్లటి తొడుగులను పక్కకు జరిపాను. పాతవాటిని శుభ్రంగా తుడిచి, లోపలా బయటా గ్రీజు రాసి, ఏ పొర మీద ఏ పొర ఉందో అలాగే తొడిగి, రేకు చుట్టి, కొమ్ములు ఎక్కించాను. ఒక్కో బోల్టునూ కొంచెం కొంచెంగా, ఇటొకటి అటొకటి, ఆయన చేసినట్టే తిప్పాను. రెండు ముంజేతులూ ఆన్చి ఒళ్ళంతా దాని మీద వాల్చి చూశాను. కదల్లేదు, కిర్రుమనలేదు.

గట్టిగానే బిగించాను, పెద్దమ్మా.